పిన్ను పట్టింది సరే, పాట ఎందుకు మారింది? స్పీకర్ల అడాప్టరు వెనక లెక్కలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మావయ్యగారింట్లో పాత స్పీకర్ల సెట్టొకటి ఉంది. రెండు చిన్న బాక్సులు, కిందొక బేస్ డబ్బా. వైశాఖంలో ఒక సాయంత్రం ఉరుములు మెరుపులతో గాలివాన కొట్టి కరెంటు పోయింది, రాత్రికి తిరిగొచ్చింది. ఫ్యాను తిరిగింది, ఫ్రిజ్జు మొదలైంది, స్పీకర్ల లైటు మాత్రం వెలగలేదు. మర్నాడు అడాప్టరు సంచిలో వేసుకుని ఇద్దరం రిపేరు కొట్టుకి వెళ్లాం. అక్కడ ఒక ప్లాస్టిక్ బుట్ట నిండా అడాప్టర్లు. వైర్లు చిక్కుపడిపోయి, ఒకటి లాగితే నాలుగు లేస్తున్నాయి. కొట్టతను మా పిన్ను చూసి, అలాంటి పిన్నే ఉన్నదాన్ని బుట్టలోంచి లాగి, "ఏటీ అవ్వదు మాస్టారూ, ఇదీ పన్నెండే. ఎట్టేయండి" అన్నాడు.

నిజమే, ఏమీ అవలేదు. స్పీకర్లు మోగాయి. కాకపోతే వాల్యూము సగం దాటేసరికి పాట గొంతు పట్టేసినట్టు గరగరలాడింది, మద్దెల దెబ్బ పడ్డప్పుడల్లా మిగతా వాయిద్యాలు నీరసించిపోయాయి. స్పీకర్లకి వయసైపోయిందని మావయ్య తేల్చేశారు. నాకు మాత్రం అనుమానం పోలేదు. రెండూ పన్నెండే, రెండింటి పిన్నూ ఒకటే. మరి తేడా ఎక్కడొచ్చింది?

## గోడకీ స్పీకరుకీ మధ్య ఆ నల్ల డబ్బా

మన ఇళ్లకొచ్చే సరఫరా 230 వోల్టులు. అది సెకనుకు 50 సార్లు ఊగుతూ వచ్చే ఏసీ. స్పీకరు లోపలి చిప్పులకి కావలసింది పదో ఇరవయ్యో వోల్టులు, అదీ ఊగకుండా ఒకే దిక్కున పారే డీసీ. ఈ రెండింటి మధ్య దుబాసీ పని అడాప్టరుది.

దాన్ని స్పీకరు పెట్టెలోనే పెట్టేయొచ్చు కదా అంటే, పెద్ద సెట్లలో అలాగే పెడతారు. చిన్నవాటిలో బయట ఉంచడం కంపెనీకి లాభం. ప్రమాదకరమైన 230 వోల్టులు పెట్టెలోకే రావు, భద్రతా పరీక్షలు తేలికవుతాయి, దేశం మారితే అడాప్టరొక్కటి మారిస్తే చాలు. మనకీ ఒక లాభముంది. పిడుగు దెబ్బ ముందు తగిలేది దానికే. చాలాసార్లు అది పోయి స్పీకరు బతుకుతుంది.

ఎలా పోతుందంటే, ఈ రోజుల్లో వచ్చే, స్విచింగ్ పద్ధతిలో పనిచేసే తేలికైన ఎస్‌ఎంపీఎస్ అడాప్టరు ముందు 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చి ఒక కెపాసిటరులో (విద్యుత్తుని కాసేపు నిలవ ఉంచే చిన్న డబ్బా) నింపుతుంది. ఊగే ఏసీ అందుకునే శిఖరం, రాసిన వోల్టులకి 1.414 రెట్లు కాబట్టి ఆ కెపాసిటరు మీద పడేది 325 వోల్టులు. దానికి సాధారణంగా 400 వోల్టుల దాకా ఓర్పు ఉంటుంది. గాలివానకి స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగిందనుకోండి, రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులకు దగ్గరగా ఇంట్లోకి వచ్చేయొచ్చు. అప్పుడు లెక్క 400 ఇంటూ 1.414, అంటే 565. కెపాసిటరు పొట్ట ఉబ్బి టప్పుమంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాని కుదిపేసింది. అంతటి గాలి చూసినవాళ్లకి తీగలు తెగడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

పిడుగూ గాలివానా లేకుండానే పోయేవి కూడా బోలెడు. వేడికి కెపాసిటరు ఎండిపోవడం ఒకటి. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందన్నది ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. టీవీ వెనక, దుమ్ములో, గుడ్డ కింద ఇరికించిన అడాప్టరు ముందు పోవడానికి అదే కారణం. ఇంకొకటి మరీ మామూలు సంగతి: పిన్ను మొదట్లో వైరు వంగి వంగి లోపల తెగిపోవడం. అప్పుడు డబ్బా బాగానే ఉంటుంది, తీగే పోతుంది.

## 'కరెంటు' అనే మాటతో వచ్చిన తంటా

వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. కాబట్టి జనం మాటని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. కానీ ఈ విషయంలో మన మాటే మనల్ని తికమక పెడుతోంది. మనకి సరఫరా కరెంటే, షాకు కరెంటే, స్తంభం కరెంటే, బిల్లూ కరెంటే. అడాప్టరు మీది లేబులు మాత్రం దీన్ని మూడు ముక్కలు చేసి రాస్తుంది.

వోల్టులు తోపుడు. మిద్దె మీది ట్యాంకు ఎంత ఎత్తులో ఉందో అది. ఆంపియర్లు పారే పరిమాణం. కుళాయిలోంచి ఎన్ని నీళ్లు వస్తున్నాయో అది. ఈ రెండింటినీ గుణిస్తే వాట్లు. మన సెట్టు పాత అడాప్టరు మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంది. అంటే 18 వాట్లు.

నీళ్ల పోలికని ఇంకొంచెం లాగుతాను, ఎందుకంటే అసలు కిటుకు ఇక్కడే ఉంది. ట్యాంకు ఎత్తు పెంచితే కుళాయి మీద ఒత్తిడి పెరుగుతుంది, అది కుళాయి చేతిలో లేదు. ట్యాంకు పెద్దదైతే మాత్రం కుళాయికి ఏమీ కాదు, తిప్పినంతే వస్తుంది. వోల్టులు అడాప్టరు నెట్టేవి. ఆంపియర్లు స్పీకరు లాక్కునేవి. లేబులు మీద ఆంపియర్ల అంకె "ఇంత పంపుతాను" అని చెప్పడం లేదు, "ఇంతవరకు ఓర్చుకుంటాను" అంటోంది.

## ఎక్కువ ఆంపియర్లు పెడితే కాలిపోతుందా?

మా వైపు గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఇది. 1.5 ఆంపియర్ల చోట 3 ఆంపియర్లది పెడితే స్పీకరు మాడిపోతుందంటారు. పైన చెప్పిన లెక్క ప్రకారం మాడదు. వోల్టులు, రకం (ఏసీయా డీసీయా), దిక్కు (ప్లస్సు మైనస్సు) సరిపోతే 3 కాదు 5 ఆంపియర్లదైనా స్పీకరు తన 1.5 మాత్రమే తీసుకుంటుంది. అడాప్టరు చల్లగా ఉంటుంది కూడా.

అలాగని ఆ నమ్మకం గాల్లోంచి పుట్టిందీ కాదు. పాత రోజుల్లో ట్రాన్స్‌ఫార్మరున్న బరువైన అడాప్టర్లు వచ్చేవి. వాటిలో వోల్టేజీని కట్టడి చేసే సర్క్యూటు ఉండేది కాదు. 9 వోల్టులని రాసి ఉన్నదాన్ని ఖాళీగా మీటరుతో కొలిస్తే 12, 13 చూపించేది. పూర్తి బరువు పడ్డప్పుడే 9కి దిగేది. అలాంటివాటిలో అవసరాన్ని మించి పెద్దది పెడితే వోల్టేజీ దిగాల్సినంత దిగక, సున్నితమైన వస్తువులు నిజంగానే దెబ్బతినేవి. ఆ కాలం మెకానిక్కుల అనుభవం తప్పు కాదు, వస్తువు మారింది. ఇంకో సంగతి: పిన్నులో ఎక్కడైనా షార్టు అయితే పెద్ద అడాప్టరు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. ఆ జంకు మాత్రం ఈనాటికీ సబబే.

తక్కువ ఆంపియర్లది పెడితే ఏమవుతుందన్నది నేను కళ్లారా చూశాను. 12 వోల్టులు 3 ఆంపియర్ల సౌండ్‌బార్‌కి సెట్‌టాప్ బాక్సు అడాప్టరు తగిలించారు, 12 వోల్టులు 1 ఆంపియరుది. వార్తలు చక్కగా వచ్చాయి. పాట మొదలై డప్పు పడగానే లైటు ఆరి, మళ్లీ వెలిగి, "హలో" చెప్పే ట్యూను మోగింది. మళ్లీ డప్పు, మళ్లీ ట్యూను. మాటలకి అర ఆంపియరు కూడా అక్కర్లేదు, బేస్ దెబ్బకి ఒక్క క్షణం 3 కావాలి. అడాప్టరు చేతులెత్తేసి, తనని తాను ఆపుకుని, మళ్లీ మొదలవుతోంది. ఇంట్లోవాళ్లు మాత్రం సౌండ్‌బార్‌కి దయ్యం పట్టిందని నవ్వుకున్నారు.

## డబ్బా మీద 2000 వాట్లు, అడాప్టరు మీద 18

ఇక్కడ ఒక పక్కదారి. స్పీకర్ల అట్టపెట్టె మీద "2000 వాట్లు పీఎంపీఓ" లాంటి అంకెలు ఎప్పుడైనా చూసే ఉంటారు. 18 వాట్ల అడాప్టరుతో నడిచే పెట్టె నిలకడగా 18 వాట్లకు మించి ఇవ్వలేదు. లోపలికి పోనిది బయటికి రాదు. కొత్త రకం క్లాస్-డి ఆంప్లిఫయర్లు అందినదాంట్లో 85, 90 శాతం దాకా స్పీకరుకి చేరవేస్తాయి, పాతరకం ఏబీ క్లాసువి సగానికి కాస్త పైన. పీఎంపీఓ అనేది కన్ను మూసి తెరిచేలోపు వచ్చే మెరుపు అంకె, దాన్ని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతే లేదు. స్పీకరు గురించి నిజం తెలుసుకోవాలంటే అట్టపెట్టె కన్నా అడాప్టరు లేబులు మేలు.

## లేబులు మీది గీతలు

అంకెలు అందరూ చూస్తారు. అంకె పక్కన ఉన్న గీతని ఎవరూ చూడరు.

వోల్టుల అంకె పక్కన పాము మెలికలాంటి గీత ఉంటే ఏసీ. ఒక నిలకడ గీత, దాని కింద మూడు ముక్కల గీత ఉంటే డీసీ. లోపలికి వచ్చే వైపు ఎప్పుడూ పాము గీతే ఉంటుంది. మనకి ముఖ్యం బయటికి పోయే వైపు ఏ గీత ఉందో.

తర్వాత మూడు బొమ్మల వరస. ఒక పక్క ప్లస్సు, ఒక పక్క మైనస్సు, మధ్యలో చుక్కని చుట్టిన అర్ధచంద్రం. చుక్క అంటే పిన్ను లోపలి రంధ్రం, అర్ధచంద్రం అంటే బయటి తొడుగు. చుక్కకి గీత ఎటు కలిసిందో లోపల అదే. స్పీకర్లలో చాలావరకు లోపల ప్లస్సు. గిటారు పెడళ్లలో, భజనకో చర్చికో వాడే పాత కీబోర్డుల్లో కొన్నిట్లో లోపల మైనస్సు ఉంటుంది. ఆ అడాప్టరు ఖాళీగా ఉంది కదా అని స్పీకరుకి పెడితే, కరెంటుని ఒక దిక్కునే పోనిచ్చే డయోడు లోపల అడ్డుగా ఉంటే బతికిపోయినట్టు, లేకపోతే చిప్పు పోయినట్టే.

పిన్ను కొలతల సంగతి చెప్పేస్తాను. బయటి వ్యాసం 5.5 మిల్లీమీటర్లు ఉన్నవే బజారులో ఎక్కువ. వాటి లోపలి రంధ్రం 2.1 కావచ్చు, 2.5 కావచ్చు, కంటికి తేడా తెలియదు. లోపలి పుల్ల 2.1 ఉన్న స్పీకరులో 2.5 పిన్ను పెడితే హాయిగా దూరుతుంది, కానీ వదులుగా ఆడుతూ కరకరమని మోగుతుంది. పుల్లే 2.5 అయితే 2.1 పిన్ను దూరదు. చెప్పుకోవలసిన విషయం వేరే ఉంది: ఫలానా పిన్నుకి ఫలానా వోల్టేజీ అన్న నియమాన్ని చాలా కంపెనీలు పాటించవు. ఒకే పిన్నుతో 5 వోల్టులదీ ఉంటుంది, 24 వోల్టులదీ ఉంటుంది. బుట్టలో పిన్ను చూసి ఏరడమంటే చెప్పు సైజు చూసి మనిషిని పోల్చుకోవడమే.

## మా పాము గీత

ఇంటికొచ్చి రెండు అడాప్టర్లూ పక్కపక్కన పెట్టి ఫోను కెమెరాతో పెద్దది చేసి చూశాను. పాతదాని మీద బయటికి పోయే 12 పక్కన పాము గీత. కొత్తదాని మీద నిలకడ గీత. పాతది అంత బరువెందుకుందో అప్పుడర్థమైంది. అందులో ఉన్నది ఉత్త ట్రాన్స్‌ఫార్మరు. ఏసీని తగ్గించి ఏసీగానే ఇస్తుంది, డీసీగా మార్చే పని స్పీకరు పెట్టె లోపల నాలుగు డయోడ్లు చేస్తాయి.

ఇక లెక్క. 12 వోల్టుల ఏసీ శిఖరం 12 ఇంటూ 1.414, దగ్గరదగ్గర 17. దారిలో రెండు డయోడ్లు కలిసి 1.4 తినేస్తాయి. లోపలి ఆంప్లిఫయరుకి అందేది 15.5. ఇప్పుడు 12 వోల్టుల డీసీ పెట్టాం. డీసీకి శిఖరాలు లేవు, ఉన్నదే 12. డయోడ్లు వాటి 1.4 అవి తింటాయి. మిగిలింది 10.6.

15.5 చోట 10.6 అంటే మూడింట ఒక వంతు తగ్గింది, అంతేగా అనిపిస్తుంది. కాని శబ్దం వాట్లు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటాయి. 10.6ని 15.5తో భాగించి వర్గం చేస్తే 0.47. గరగర లేకుండా ఇవ్వగల శక్తి సగానికన్నా తక్కువకి పడిపోయింది. మావయ్య విన్న గొంతు పట్టేసిన పాట ఇదే. స్పీకర్లకి వయసు మీరలేదు, తిండి చాలలేదు.

మేం అదృష్టవంతులమే. ఇదే పొరపాటు తిరగబడి, డీసీ కోరే స్పీకరుకి ఏసీ అడాప్టరు తగిలించి ఉంటే, సెకనుకు 100 సార్లు ప్లస్సు మైనస్సు తారుమారై కెపాసిటర్లు పేలిపోయి ఉండొచ్చు. ఇంకో రకం సెట్లున్నాయి. ఒకే ఏసీ తీగ నుంచి ప్లస్సు సరఫరా ఒకటి, మైనస్సు సరఫరా ఒకటి విడిగా తయారుచేసుకుంటాయి. వాటికి డీసీ ఇస్తే సగమే అందుతుంది, స్పీకరు కోన్ ఒక పక్కకి బిగుసుకుని దాని కాయిల్ వేడెక్కే ప్రమాదముంది.

దీని మీద మెకానిక్కుల్లో రెండు దారులున్నాయి. ఏసీ అడుగుతోంది కాబట్టి ఏసీయే ఇవ్వాలన్నది ఒకటి. 15, 16 వోల్టుల డీసీ ఇస్తే సరిపోతుంది, ట్రాన్స్‌ఫార్మరు హమ్ శబ్దం కూడా పోతుందన్నది రెండోది. నాలుగు డయోడ్ల సెట్టుకి రెండోదీ చెల్లుతుంది, కాకపోతే నలుగురి పని ఇద్దరు డయోడ్ల మీద పడి అవి వేడెక్కుతాయి. పెట్టె విప్పి లోపల ఏ రకమో చూడగలిగినవాళ్లు చెప్పే మాట అది. విప్పని పెట్టెకి మొదటి దారే నయమని నాకనిపిస్తుంది.

## అసలు పోయింది అడాప్టరేనా?

మీటరు పెడితే 12 చూపించినంత మాత్రాన అడాప్టరు బాగున్నట్టు కాదు. కెపాసిటరు ఎండిపోయినది ఖాళీగా 12 చూపించి, బరువు పడగానే 5కి జారిపోతుంది. మా కొట్టతను దీనికి మోటారు సైకిలు ఇండికేటరు బల్బు వాడతాడు. 10 వాట్ల బల్బు, 12 వోల్టుల మీద 0.83 ఆంపియర్లు లాగుతుంది. రెండు బల్బులు కలిపితే 1.66. రెండు ఆంపియర్లని రాసుకున్న అడాప్టరు ఆ రెండింటినీ నిండుగా వెలిగించాలి. చల్లగా ఉన్న ఫిలమెంటు మొదటి క్షణంలో చాలా ఎక్కువ లాగుతుంది కాబట్టి బాగున్న అడాప్టరు కూడా ఒకసారి తడబడొచ్చు, అది లెక్కలోకి రాదు.

అడాప్టరు మీది లైటు టిక్కు టిక్కుమని ఆరి వెలుగుతోందంటే రెండు అర్థాలున్నాయి. స్పీకరు నుంచి పిన్ను తీసేశాక కూడా అలాగే ఉంటే తప్పు అడాప్టరుది. తీయగానే నిలకడగా వెలిగితే స్పీకరు లోపల షార్టు ఉండొచ్చు, లేదా అడాప్టరు దానికి చాలడం లేదు. ఇది తేల్చకుండా కొత్తది కొన్నవాళ్లు మళ్లీ అదే టిక్కుటిక్కు వింటారు.

## ఒరిజినలా, బుట్టలోదా, టైప్-సీ యా

కంపెనీ అడాప్టరే కావాలనేవాళ్ల వాదనలో పస ఉంది. వారంటీ ఉంటుంది, ఫిల్టర్లు సరిగ్గా ఉంటాయి, లేబులు చదవలేనివాళ్లకి తప్పు చేసే అవకాశమే ఉండదు. ఎదుటివాళ్ల వాదనా కొట్టేయదగ్గది కాదు. పెద్ద కంపెనీలు కూడా చాలావరకు అడాప్టర్లు చేసే వేరే ఫ్యాక్టరీల నుంచే తెప్పించుకుని తమ పేరు వేస్తాయి. పైగా పాత మోడలుకి ఒరిజినల్ దొరకదు, సర్వీసు సెంటరంటే మాకు బరంపురమో విశాఖపట్నమో పోవాలి. విడిభాగాలు, మరమ్మతు సమాచారం ఒకచోట దొరకాలని కేంద్రం 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది కానీ, పదేళ్ల కిందటి స్పీకర్ల అడాప్టరు దాకా అది రావాలంటే ఇంకా దూరముంది.

మరీ చవక అడాప్టరు విప్పి చూస్తే, ఫిల్టరు కాయిల్ ఉండాల్సిన చోట ఉత్త తీగముక్క అతికించి ఉంటుంది. దాని ఫలితం స్పీకర్లలో సన్నని కీచుమోతగా వినిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు హమ్ దీనికి భిన్నం, అది 50కి రెట్టింపు, 100 హెర్ట్‌జ్ మీద బండగా గుంయ్‌మంటుంది. చెవితోనే పోల్చుకోవచ్చు. నమ్మకానికి ఒక గుర్తు ఉంది: 2012 నాటి ఉత్తర్వుతో మొదలైన పద్ధతి కింద ఇలాంటి అడాప్టర్లకి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి. 'ఆర్' అనే ఇంగ్లీషు అక్షరం, పక్కన ఎనిమిది అంకెలు. ఆ సంఖ్యని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో చెబుతుంది.

టైప్-సీ వచ్చాక ఈ గొడవంతా పోతుందంటున్నారు. యూరప్‌లో 2024 డిసెంబరు 28 నుంచి బ్యాటరీ ఉన్న పోర్టబుల్ స్పీకర్లకి టైప్-సీ తప్పనిసరైంది. గోడకి తగిలించి వాడే స్పీకర్లు అందులోకి రావు. ఫోను ఛార్జరుతో వాటిని నడిపే చిన్న బోర్డులూ దొరుకుతున్నాయి, కాకపోతే ఆ ఛార్జర్లు ఇవ్వడానికి ఒప్పుకునే మెట్లు 5, 9, 15, 20 వోల్టులు. మనకి కావలసిన 12 కొన్నిట్లోనే ఉంటుంది. లేని ఛార్జరుకి 12 బోర్డు తగిలిస్తే చాలాసార్లు 9 దగ్గరే ఆగిపోతుంది.

ఒక మాట మరిచాను. కొత్త అడాప్టరు పెట్టాక స్పీకరు ఇనుప భాగం ముట్టుకుంటే, ముఖ్యంగా వానాకాలం తడి సిమెంటు గచ్చు మీద నిలబడితే, వేళ్లు జివ్వుమంటాయని చాలామంది అంటారు. ఎర్తు పిన్ను లేని అడాప్టర్లలో శబ్ద ఫిల్టరు కోసం పెట్టిన ఒక చిన్న కెపాసిటరు గుండా అతి కొద్దిగా లీకవుతుంది. మీటరులో నూటపాతిక లోపు వోల్టులు కనిపించినా వెనక బలం ఉండదు. జివ్వుమనడం వరకే అయితే అది ఈ లీకే. చెయ్యి విదిలించేంత కొడితే మాత్రం అది ఫిల్టరు పని కాదు, అడాప్టరు లోపల అడ్డుగోడ పోయిందని అర్థం. దాన్ని మళ్లీ గోడకి పెట్టకూడదు.

మేం తిరిగి కొట్టుకి వెళ్లి పాము గీత చూపించాం. అతను కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, లేబుల్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఓర్నాయనో, ఏసీ" అని తనే నవ్వేశాడు. ఏసీ అడాప్టరు బుట్ట మొత్తం వెతికినా లేదు. అరలోంచి 12-0-12 ట్రాన్స్‌ఫార్మరు, 2 ఆంపియర్లది తీశాడు. దానికి బయటికి మూడు తీగలు. చివరి రెండూ కలిపితే 24 వస్తుంది, శిఖరం 34, మా సెట్టు అక్కడికక్కడే పోయేది. అతను మధ్య తీగ, ఒక చివర తీగ తీసుకుని పిన్నుకి అతికాడు, మూడోదాని మొనకి టేపు చుట్టి మడిచేశాడు. గోడ వైపు ఒక ఫ్యూజు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, మూతకి నాలుగు చిల్లులు పెట్టాడు.

ఆ రాత్రి మావయ్య వాల్యూము ముప్పాతిక దాకా తిప్పారు. వంటింట్లోంచి అత్తయ్య "తగ్గించండి" అని అరిచేదాకా తగ్గించలేదు. బుట్టలోంచి తెచ్చిన 12 వోల్టుల డీసీ అడాప్టరు వైఫై డబ్బాకి సరిగ్గా సరిపోయింది. దాని పక్కన ఉన్నది నిలకడ గీతే.